పిడుగు ఎత్తు బల్ల

సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి ఆ ఇంట్లోకి కోడలి కంటే ముందు ఆమె చేతిలోని అట్టపెట్టె వాసన వచ్చేది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఇంకా వినబడక ముందే సోఫాలోంచి ఆమె కూతురు పిడుగు కేకేసేది, "నాన్నమ్మా, కోడిపెట్టె వచ్చేసింది!" అని. పెట్టె మూత మీద టోపీ పెట్టుకుని, ఉన్నవీ లేనివీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కోడి బొమ్మ ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా అత్తగారిది ఒకటే మాట.

"తనని వేయించి అమ్ముతుంటే దానికంత నవ్వెందుకే అమ్మాయ్?"

"జీతం పెంచి ఉంటారు అత్తయ్యా," అనేది కోడలు చెప్పులు విప్పుతూ.

కోడలు పనిచేసేది పెద్దరోడ్డు మీది వేపుళ్ళ షాపులో, మరిగే నూనె తొట్ల దగ్గర. గంట మోగగానే నూనెలోంచి జాలీ బుట్ట పైకెత్తాలి, ఉప్పు చల్లాలి, వేడి దీపాల కింద ముక్కలు పరచాలి. ఇరవై నిమిషాల్లో అమ్ముడుపోని ముక్క మళ్ళీ కౌంటరు ఎక్కకూడదు. అలా మిగిలినవాటిని షిఫ్టు దిగేవాళ్ళు పెట్టెలో సర్దుకుని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. అది అక్కడి పద్ధతి. కోడిముక్కలు, బంగాళాదుంప పుల్లలు, మెత్తటి బన్నులు, నాలుగు గ్లాసుల తియ్యటి రంగునీళ్ళు. ఆ పెట్టె చేతిలోకి రాగానే ఆమె కళ్ళు మూసుకుని "నీ దయ స్వామీ" అనుకునేది. మనస్ఫూర్తిగా అనుకునేది.

అనుకోదూ మరి! ఆమె పెరిగింది ఎవరూ లేని పిల్లల హాస్టల్లో. అక్కడ బెంచీలు తక్కువ, పిల్లలు ఎక్కువ. పళ్ళెం పట్టుకుని గోడకి వీపు ఆనించి నిలబడి తినడమే ఆమెకి తెలుసు. పెళ్ళయి పన్నెండేళ్ళు దాటినా వంటగట్టుకి నడుం ఆనించి నిలబడే తినేది. "కాస్త కూర్చోవే," అని అత్తగారు అంటే, "నాకిలాగే దిగుతుంది అత్తయ్యా," అనేది. అలాంటి మనిషికి నిండుగా, వేడివేడిగా, అడగకుండా వచ్చే పెట్టె అంటే మాటలా?

అది మొదలైంది కూడా కష్టకాలంలోనే. రెండేళ్ళ కిందట అత్తగారు స్నానాలగదిలో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అంతవరకూ వంట ఆవిడదే. కొడుకు లిఫ్టు మెకానిక్. పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే ఆ మనిషి, లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో అద్దెకున్నాడని స్నేహితులు ఏడిపించేవాళ్ళు. ఆ రోజుల్లో పెట్టె ఆ ఇంటిని నిలబెట్టింది. మణికట్టు అతికింది. పొయ్యి మాత్రం మళ్ళీ వెలగలేదు. పాలు కాచుకోవడానికి తప్ప.

ఇక ఆ ఇంటి బల్ల గురించి చెప్పాలి. లిఫ్టు మెకానిక్ ముత్తాత చేయించిన భోజనాల బల్ల అది. ఇంటి పిల్లతో పాటు పెరుగుతుంది. పిడుగుని ఆసుపత్రి నుంచి తెచ్చిన పొద్దున, అప్పటిదాకా నడుమెత్తు ఉన్న బల్ల నేలమీది పీటంత పొట్టిదై కనబడింది. అత్తగారు ఏమీ ఆశ్చర్యపోలేదు. "అమ్మయ్య, బల్ల పిల్లని చూసుకుంది," అని, కుర్చీలు అటక ఎక్కించి చాప పరిచింది. పిడుగు పాకుతున్నంత కాలం కోడలు తప్ప ఇంటిల్లిపాదీ నేలమీద కూర్చునే తిన్నారు. మోకాళ్ళు నొప్పి పెట్టినా ఆవిడ నోరెత్తలేదు. తర్వాత బల్ల లేచింది, ముక్కాలిపీటలు దిగాయి. ఇంటి పిల్లకి ఎనిమిది నిండేసరికి బల్ల కుర్చీల ఎత్తుకి వస్తుంది. తన భర్తకి అలాగే వచ్చిందని అత్తగారు విన్నది. కొడుక్కి వచ్చిన రోజు ఆవిడకి ఇప్పటికీ గుర్తు. కుర్చీలు నాలుగు. గది ఇరుకు కాబట్టి బల్ల ఒక వైపు ఎప్పుడూ గోడకి ఆనే ఉండేది. నాలుగో కుర్చీ అటక దిగిందే లేదు. దాని మీద పాత పెట్టెలు పేర్చి ఉండేవి.

పిడుగుకి తొమ్మిదేళ్ళు నిండాయి. బల్ల ముక్కాలిపీటల ఎత్తు దగ్గరే ఆగిపోయింది.

నిజం చెప్పాలంటే చాలాకాలం ఎవరూ చూసుకోలేదు. పెట్టెలోవి సోఫాలో కూర్చుని, మంచం మీద పడుకుని, ఫోను చూస్తూ తినేవే కదా. బల్ల మీద ఇస్త్రీ బట్టలు, హెల్మెట్టు, చార్జర్లు, విప్పని ఉత్తరాలు పేరుకున్నాయి. ఓ ఆదివారం మెకానిక్ దేనికోసమో వంగి, మోకాలు బల్లకి కొట్టుకుని, "అమ్మా, ఇదేంటి ఇంకా ఈ ఎత్తులోనే ఉంది?" అన్నాడు.

అత్తగారు వచ్చి చూసింది.

"చెదలు పట్టిందేమో రా. మీ నాన్న ఉంటే ఎంత బాధపడేవాడో. వడ్రంగిని పిలు."

ముసలి వడ్రంగి మూడు అంతస్తులూ ఎక్కి ఆయాసపడుతూ వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు కాళ్ళూ వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"చెక్క నిక్షేపంలా ఉంది. ఇట్లాంటివి ఇంకో రెండిళ్ళలో చూశాను. దీనికి జబ్బూ జాడ్యం లేదమ్మా."

"మరి లేవదేం తాతగారూ?" అన్నాడు మెకానిక్.

వడ్రంగి బల్ల మీది హెల్మెట్టునీ బట్టల్నీ చూశాడు. "దీని మీద చివరిసారి అన్నం ఎప్పుడు తిన్నారు?"

ఎవరికీ గుర్తు రాలేదు.

"నా ఉలి వల్ల అయ్యే పని కాదు బాబూ," అని లేచి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

లిఫ్టు మెకానిక్‌కి మాత్రం పట్టుదల వచ్చింది. "ఊళ్ళో వాళ్ళందర్నీ పదో అంతస్తుకి లేపుతున్నాను. ఇంట్లో బల్లని నాలుగు వేళ్ళు లేపలేనా?" అన్నాడు. మర్నాడు పని దగ్గర్నుంచి చెక్కబిళ్ళలు సంచీలో వేసుకుని తెచ్చాడు. లిఫ్టు మోటార్ల కింద ఎత్తు సరిచేయడానికి పెట్టే బిళ్ళలు అవి, ఒక్కోటి బొటనవేలంత మందం. ఒక్కో కాలి కింద మూడేసి పెట్టాడు. కోడలు బల్ల మీది సామానంతా తీసింది. అత్తగారు తుడిచింది. మూడు కుర్చీలు అటక దిగాయి. బల్ల ఎంత ఉండాలో అంత ఎత్తులో, పండగ బట్టలేసుకున్నట్టు నిలబడింది.

"రా తల్లీ, కూర్చో," అన్నాడు తండ్రి గర్వంగా.

పిడుగు కుర్చీ ఎక్కడానికే రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. కూర్చుంటే కాళ్ళు నేలకి జానెడు పైన వేలాడాయి. చేతులు బల్ల మీద పెట్టబోతే మోచేతులు రెక్కల్లా లేచి, భుజాలు చెవుల దాకా వచ్చాయి.

"నాన్నా, ఇది నాకు పెద్దది."

"తొమ్మిదేళ్ళ పిల్లకి ఇదే ఎత్తు రా."

"మరి నేనెందుకు లేను అంత?"

కోడలు కూతుర్ని అప్పుడు చూసింది. చూడటమంటే, రోజూ చూస్తూనే ఉంది. బుగ్గలు బొద్దుగా ఉన్నాయి, పక్కింటివాళ్ళు ముద్దొస్తోందంటున్నారు. కానీ బుగ్గల పైన కళ్ళ కింద ఆ నలుపు ఎప్పటిది? పెదవుల్లో రంగేది? ఐదేళ్ళప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని అటక దాకా పాకుతుంటే కదూ అత్తగారు దీనికి పిడుగని పేరు పెట్టింది! ఇప్పుడు మూడో అంతస్తు చేరేలోపల రెండుచోట్ల మెట్ల మీద కూలబడుతోంది. పోయిన ఏడు కొన్న గౌను నడుం దగ్గర బిగిసింది గానీ పొడవు సరిపోతూనే ఉంది. బట్ట మంచిదని మురిసిపోయింది తను.

బల్ల మీంచి తీసిన ఉత్తరాల్లో ఒకటి బడి నుంచి వచ్చింది. ఐదు వారాల కిందటిది. చొక్కాల కింద పడి ఉండిపోయింది.

బడి డాక్టరమ్మ పిల్లని గోడకి నిలబెట్టి కొలిచింది. "పోయిన ఏడాది నూట ఇరవై రెండు సెంటీమీటర్లు. ఈ ఏడాదీ అంతే. బరువు మాత్రం ఆరు కిలోలు పెరిగింది. రక్తం తక్కువ. మధ్యాహ్నం పాఠాల్లో నిద్రపోతోందని టీచరు చెప్పింది. ఇంట్లో ఏం తింటోందమ్మా?"

"కడుపు నిండానే తింటోందండీ," అంది కోడలు. "ఒక్కరోజు కూడా పస్తు పడుకోబెట్టలేదు."

"కడుపు నిండుతోందమ్మా. ఒళ్ళే ఆకలితో ఉంది." డాక్టరమ్మ విసుక్కోలేదు. నెమ్మదిగానే చెప్పింది. "ఎముకలు సాగే ఏళ్ళివి. ఇవి దాటిపోతే ఏ మందు రాసినా వెనక్కి తేలేను. మూడు నెలలు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి." రాసుకుంటూ తలెత్తింది. "అవునూ, మీ ఇంట్లో పెరిగే బల్ల ఉందని పిల్ల చెప్పింది. అదేమంటోంది?"

"ఏడాదిగా లేవడంలేదండీ."

"చూశారా! నాకంటే ముందే చెప్పింది."

ఇంటికొచ్చాక కోడలు వంటగట్టు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏ పెట్టెకి రోజూ దణ్ణం పెట్టుకుందో ఆ పెట్టే పిల్లని పట్టి ఆపేసింది. అత్తగారు పక్కన వచ్చి నిలబడింది.

"నువ్వొక్కదానివే ఏడవకు, నాకూ కాస్త వాటా ఉంచు. నా చెయ్యి బాగై ఏడాది దాటింది. గరిటె పట్టుకున్నానా? నాకూ ఆ కరకర నచ్చింది. ఒళ్ళు ముసలిదైంది గానీ నాలుక కాలేదు." ఆవిడ కోడలి కళ్ళు తన కొంగుతో తుడిచింది. "ఒక్కటి చెప్తాను విను. మనకి దిక్కులేని రోజుల్లో ఆ పెట్టె ఆదుకుంది. దాన్ని తిట్టి పంపొద్దు. దణ్ణం పెట్టి పంపుదాం."

మర్నాడు షాపులో కోడలు మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పొద్దుటి షిఫ్టా?" అందావిడ. "అందులో తొట్లు కడగడం, క్యాబేజీ తరగడం తప్ప ఇంకేం ఉండదు. మిగిలేవీ ఉండవు. ఇంటికి పెట్టె రాదు, తెలుసుగా?"

"అందుకేనండీ అడుగుతున్నాను."

మేనేజరమ్మ ఇంకేం అడక్కుండా జాబితాలో పేరు పైకి మార్చింది. ఆవిడ పిల్లవాడికి కూడా పెట్టెలే వెళ్తాయి కాబోలు.

బల్ల కింద బిళ్ళలు తీసేసి మళ్ళీ ముక్కాలిపీటలు వేద్దామన్నాడు మెకానిక్. పిడుగే ఒప్పుకోలేదు. "వద్దు నాన్నా, అట్లాగే ఉండనీ. నేనే దాని దగ్గరికి వస్తా." అందుకని కుర్చీలో రెండు దిండ్లు వేశారు, కాళ్ళ కింద ముక్కాలిపీట పెట్టారు. రాణీగారిలా ఉన్నావంది నాన్నమ్మ.

రాణీగారన్నది మాట వరకే, తిండి దగ్గర మాత్రం మొదటి వారమంతా యుద్ధమే. అన్నం చూసి బుంగమూతి. ఉడికించిన చిక్కుళ్ళు చూసి ఏడుపు. "ఇందులో కరకర లేదు!" అని చెంచా విసిరికొట్టడం. తియ్యనీళ్ళు లేవని గొంతు చించుకోవడం. తండ్రి మాత్రం తక్కువ తిన్నాడా! పాలకూర నములుతూ, "అమ్మా, దీంతో లిఫ్టు వేలాడదీయొచ్చు," అన్నాడు. గురువారం సాయంత్రం అతను హెల్మెట్టుని పసిపిల్లలా గుండెలకి హత్తుకుని లోపలికొచ్చాడు. అందులోంచి గుప్పున వేపుడు వాసన.

"ఏరా నాన్నా, నీ హెల్మెట్టుకి ఆకలేస్తోందా?" అంది అత్తగారు.

అతను హెల్మెట్టులోంచి వేపుడు పొట్లం తీసి కిందపెట్టి తల వంచుకున్నాడు. పిడుగు ఆ పొట్లం వంకా, తండ్రి వంకా చూసి ఒక్కసారి భోరుమంది. "మూడు నెలలే ఉన్నాయి కదా నాన్నా!" అని. ఆ రోజు తర్వాత అతను వేపుళ్ళ షాపు దారిన రావడమే మానేసి చుట్టూ తిరిగి వచ్చేవాడు. చివరికి అందరూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. నెలకోసారి పెట్టె తెచ్చుకోవచ్చు. కానీ బల్ల దగ్గరే, ఫోన్లు అవతల పెట్టి, అందరూ కలిసి తినాలి.

యుద్ధాన్ని గెలిచింది బఠాణీలు. అత్తగారు ఓ సాయంత్రం పచ్చి బఠాణీకాయలు బల్ల మీద పోసి, "ఒలిచినవాళ్ళకి మొదటి గుప్పెడు," అంది, ఎటో చూస్తూ. పిడుగు ఒక కాయ విప్పింది. గింజలు వేళ్ళ మధ్య నుంచి టపటపా జారి దొర్లాయి. ఒకటి నోట్లో వేసుకుంది. ఇంకోటి వేసుకుంది. "నాన్నమ్మా, ఇది కరకరలాడుతోంది!"

"ఎవరు చెప్పారు నీకు కరకర అంటే కోడొక్కదానిదేనని?"

అప్పట్నుంచి పిల్ల వంటింట్లోనే. ఆకుకూర తుంపడం, క్యారెట్టు చెక్కు తీయడం, గుడ్డు పగలగొట్టి సగం గట్టు మీద పోయడం. తను తుంపిన ఆకు కాబట్టి తినేది. అత్తగారు ముద్ద కలిపే ముందు కళ్ళు మూసుకుని చేతులు జోడించడం చూసి, తనూ జోడించేది. ఒక కన్ను మాత్రం తెరిచి పళ్ళెంలో ఎవరికెంత వడ్డించారో చూసుకునేది.

కోడలు తెల్లవారకుండా పనికి వెళ్ళేముందు రోజూ వంగి, బల్ల అంచు ఎత్తులో గోడ మీద పెన్సిలుతో తను గీసుకున్న గీత మీద వేలు పెట్టి చూసేది. నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. గీత గీతే, బల్ల బల్లే. ఒక్కోసారి ఆమె "స్వామీ, నా ఎత్తులోంచి రెండు వేళ్ళు తీసి దానికియ్యి. నాకు ఇంత అక్కర్లేదు," అని వేడుకునేది. అయినా పిల్ల మెట్ల మీద కూర్చోవడం ఒక చోటుకి తగ్గింది. తర్వాత ఆ ఒక చోటూ మానేసింది. మధ్యాహ్నం పాఠంలో జవాబు చెప్పడానికి చెయ్యెత్తిందని టీచరు రాసి పంపింది. ఆ చీటీ చొక్కాల కిందికి పోకుండా కోడలు గోడకి అంటించింది.

మూడో నెల చివర్లో ఒక సాయంత్రం అత్తగారు ముద్ద ఎత్తబోయి ఆగింది.

"ఇదేంట్రా, పళ్ళెం నా గడ్డం కిందికొచ్చింది?"

మెకానిక్ తన మోకాలు బల్ల కింద అటూ ఇటూ ఊపి చూశాడు. తగల్లేదు. లేచి, పళ్ళేలు తీయించి, బల్లని గోడ దగ్గర్నుంచి జరిపి, ఒక్కో కాలి కింద నుంచి ఒక్కో బిళ్ళ తీసేశాడు. నాలుగు బిళ్ళలూ చేతిలో పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు కాసేపు. పిడుగు తన కింది నుంచి ఒక దిండు లాగి సోఫాలోకి విసిరింది.

డాక్టరమ్మ మళ్ళీ కొలిచింది. కొలిచి, ఇంకోసారి కొలిచింది. "బల్ల ఎంత లేచింది?"

"ఒక బిళ్ళ మందమండీ," అంది కోడలు.

"సరిపోయింది," అని రాసుకుంది. పెద్దాసుపత్రికి పంపాల్సిన కాగితం చించి బుట్టలో వేసింది.

రెండో బిళ్ళకి ఏడు నెలలు పట్టింది. మూడోది మరుసటేడు, పిడుగు పదకొండో పుట్టినరోజు వెళ్ళిన ఆదివారం పొద్దున, బల్లని మళ్ళీ గోడ దగ్గర్నుంచి జరిపి తీశారు. బల్ల తన కాళ్ళ మీద తను నేలకి దిగింది. పిడుగు కుర్చీలో కూర్చుంటే దిండు లేకుండా మోచేతులు బల్ల మీద ఆనాయి. పాదాలు నేలకి తగిలాయి. బొటనవేళ్ళతో నేలని రెండుసార్లు తట్టి చూసుకుంది.

"సరే, ఇక గోడకి జరుపుతా. వంటింటి దారికి అడ్డంగా ఉంది," అని మెకానిక్ బల్లకి భుజం ఆనించాడు. కదల్లేదు. రెండు చేతులా తోశాడు. మొహం ఎర్రబడింది గానీ బల్ల వెంట్రుకవాసి కదల్లేదు. గోడకీ దానికీ మధ్య సరిగ్గా ఒక కుర్చీ పట్టేంత ఖాళీ.

"పదో అంతస్తు దాకా లేపేవాడివి, పక్కకి జరపలేవేం రా?" అంది అత్తగారు. ఆవిడ ఆ ఖాళీ వంక చూసింది. తర్వాత వంటగట్టుకి నడుం ఆనించి, చేతిలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కోడలి వంక చూసింది. "వదిలెయ్ నాన్నా. ఇంటి పిల్లకి చోటు చూసుకుంది. ఒక పిల్లకి ఆలస్యమైంది, అంతే."

కోడలికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నాకెందుకు అత్తయ్యా, నాకిలాగే..." అనబోయింది.

ఈలోగా పిడుగు కిటికీ ఊచలు పట్టుకుంది. "ఒసే, పడతావే!" అని నాన్నమ్మ అరుస్తుండగానే చరచరా పాకి అటక ఎక్కేసింది. పాత పెట్టెలు పక్కకి లాగిన చప్పుడైంది. దుమ్ము రాలింది. నాలుగో కుర్చీ కాళ్ళు ముందుగా అటక అంచు మీంచి కనబడ్డాయి.

"నాన్నా, పట్టుకో!"

కుర్చీ తుడిచి ఆ ఖాళీలో వేశారు. దాని కోసమే కొలిచినట్టు పట్టింది. కోడలు పళ్ళెం బల్ల మీద పెట్టి, కొత్త ఇంట్లో అడుగు పెట్టినట్టు నెమ్మదిగా కూర్చుంది. వీపుకి గోడ కాదు, కుర్చీ తగిలింది. ఎదురుగా కూతురు, అటు భర్త, ఇటు అత్తగారు. ముగ్గురి మొహాలూ ఒకేసారి, ఒకే ఎత్తులో కనబడటం ఆమెకి అదే మొదలు. మోచేతులు బల్ల మీద పెట్టి చూసుకుంది. సరిగ్గా ఆనాయి.

ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నట్టుంది, చాలాసేపు తెరవలేదు.

"అమ్మా," అంది పిడుగు, ఒక కన్ను తెరిచి. "నువ్వు దేవుడికి తర్వాత చెప్పుకో. చిక్కుళ్ళు చల్లారిపోతున్నాయి."